1799 సెంటు: బరువు సరిపోయింది, తేదీ సరిపోలేదు

మీ ప్రశ్నని ముందు రెండు మాటల్లో చెబుతాను, మిగతావాళ్ళకీ విషయం తెలుస్తుంది. న్యూజెర్సీలో ఒక ఎస్టేట్ సేల్‌లో, అంటే ఇంటి పాత సామానంతా అమ్మేసే చోట, మీరు పాత అమెరికన్ రాగి నాణేలు కొన్నారు. 1793 గొలుసు సెంటుకి 60 డాలర్లు, 1799 సెంటుకి 700 డాలర్లు ఇచ్చారు. 1787 తేదీ ఉన్న అరిగిపోయిన బ్రిటిష్ హాఫ్‌పెన్నీని అమ్మినావిడ "ఇది ఊరికే ఉంచుకోండి" అని చేతిలో పెట్టింది. మూడూ అయస్కాంతానికి అంటుకోలేదు, మూడూ రాగి రంగే. గొలుసు సెంటు 9.1 గ్రాములు, 1799 సెంటు 10.52, హాఫ్‌పెన్నీ 7.4. "1799 బరువు పుస్తకంలో ఉన్నదానికి దగ్గరగానే ఉంది, అసలుదే కదా?" అని అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. గొలుసు సెంటు షాపుల్లో అమ్మే నకలు. 1799 సెంటు ఫిలడెల్ఫియా టంకశాలలో పుట్టిన నిజమైన నాణెమే, కానీ అది 1799 నాణెం కాదు. ఊరికే వచ్చిన హాఫ్‌పెన్నీ దొంగ నాణెం. అయినా ఈ మూడింట్లో మీరు దాచుకోవాల్సింది అదే.

గొలుసు సెంటు సంగతి తొందరగా తేల్చేద్దాం. 1793లో అమెరికా టంకశాల జనంలోకి వదిలిన మొదటి సెంట్లు ఇవే. అప్పటి 15 రాష్ట్రాలకు గుర్తుగా బొరుసు వైపు 15 లింకుల గొలుసు వేశారు. స్వేచ్ఛ తెచ్చుకున్న దేశం నాణెం మీద గొలుసేమిటని అప్పట్లోనే విమర్శలు రావడంతో కొద్ది వారాల్లోనే దాన్ని తీసేసి ఆకుల దండ పెట్టారు. మొత్తం చేసినవి 36,103. ఎంత అరిగిపోయినా వేల డాలర్లు పలికే నాణెం ఇది. 60 డాలర్లకు రావడమే మొదటి అనుమానం. 1793 నుంచి 1795 చివరి దాకా సెంటు బరువు 208 గ్రెయిన్లు, అంటే 13.48 గ్రాములు. మీది 9.1. ఎంత అరిగినా నాలుగు గ్రాములు పోయి బొమ్మ అంత స్పష్టంగా మిగలదు. పైగా అసలు గొలుసు సెంటుకి పక్క అంచు మీద తీగలూ అడ్డ గీతలూ ఉంటాయి. మీ ఫోటోలో అంచు అద్దంలా నున్నగా ఉంది. బొరుసు కింద భాగంలో ఆకురాయితో రుద్దినట్టున్న చోటు చూశారా? 1973లో అమెరికాలో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి నకళ్ళ మీద 'కాపీ' అని ముద్ర ఉండాలి. అక్కడ ఆ మాటే ఉండేదని నా ఊహ. పిల్లలకు ఇచ్చేయండి.

నాణేలు కొనేవాళ్ళు చాలామంది పక్క అంచు వైపు చూడనే చూడరు. 1794 సెంటుకి అంచు మీద 'వన్ హండ్రెడ్ ఫర్ ఎ డాలర్' అని లోపలికి దిగిన అక్షరాలు ఉండాలి. అదే కాలపు అర సెంటు మీదైతే 'టూ హండ్రెడ్ ఫర్ ఎ డాలర్'. 1795లో రాగి ధర పెరిగి బరువు 168 గ్రెయిన్లకు, అంటే 10.89 గ్రాములకు తగ్గించారు. బిళ్ళ పలచబడింది, అంచు మీది రాత పోయింది. కాబట్టి నున్నటి అంచు ఉన్న 1794 సెంటు ఎదురైతే ఇక భూతద్దం తీయక్కర్లేదు. అక్కడే పెట్టేసి వచ్చేయండి.

ఇక మీ 1799. మీరు చేసిన పరీక్షలన్నీ సరైనవే. బరువు 10.89 ఉండాల్సింది, అరుగుదల తీసేస్తే 10.52 చక్కగా సరిపోతుంది. అంచు నున్నగా ఉంది, ఉండాల్సిందీ అలాగే. రాగి మంచి రాగి. అన్నీ పాసయ్యాయి, ఎందుకంటే ఇది అసలు నాణెం. తేడా ఒక్క అంకెలోనే ఉంది.

అరిగిన 1798 సెంటు నూరు డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. అదే అరుగుదలతో 1799 అయితే వేలల్లో ఉంటుంది. 1799 సంవత్సరంలో చేసిన సెంట్లలో కూడా చాలా భాగం పాత 1798 డైలతోనే (డై అంటే రాగి బిళ్ళ మీద బొమ్మా రాతా పడేలా కొట్టే అచ్చు) కొట్టారు, అందుకే ఆ తేదీ అంత అరుదు. 8 కింది గుండ్రానికి ఎడమ వైపు గోడ కాస్త చెక్కేస్తే 9 అయిపోతుంది. సన్నటి ఉలి ఉంటే చాలు. అమెరికాలో సెంట్ల సేకరణ మోజు మొదలైన పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఈ పని చేస్తూనే ఉన్నారు. మీ నాణెం మీద చెక్కుడు కూడా కొత్తది కాకపోవచ్చు. అమ్మినావిడ తాతగారే మోసపోయి ఉండొచ్చు, పాపం.

దీన్ని పట్టుకునే దారుల్లో మొదటిది ఒకే తేదీలోని రెండు 9లనీ పక్కపక్కన పెట్టి చూడడం. డై తయారు చేసేటప్పుడు ఒకే అంకెను ఒకే పంచ్‌తో, అంటే కొనన అంకె చెక్కిన కడ్డీతో, కొట్టేవారు, కాబట్టి రెండూ ఒక తల్లి పిల్లల్లా ఉండాలి. మీ ఫోటోలో మొదటి 9 తోక చివర నిండుగా ఉంది. రెండో 9 తోక పలచబడి, మొండిగా ఆగిపోయింది. దాని పొట్ట కూడా కాస్త కిందికి దిగింది, 8 నడుముకి ఉండే చోటనే.

రెండోది, ఆ అంకె చుట్టూ ఉన్న నేల. చెక్కిన చోట రాగి తలం చిన్న గుంటలా దిగుతుంది, సన్నటి గీతలు పడతాయి, రంగు కూడా మిగతా చోట్ల కంటే వేరుగా ఉంటుంది. దీన్ని చూడడానికి ఫ్లాష్ పనికిరాదు. టేబుల్ ల్యాంప్‌ని నాణెం ఎత్తుకి దించి, వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి, 10 రెట్ల భూతద్దంతో నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. గుంట ఉంటే నీడ దానంతట అదే కనిపిస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది, దీనివల్ల అనుభవం ఉన్నవాళ్ళు కూడా పొరబడతారు. 1799లో ఒక రకానికి నిజంగానే 9 కింద 8 జాడ ఉంటుంది. టంకశాలవాళ్ళు 1798 డై మీదే 9 కొట్టి వాడుకున్నారు. కాబట్టి 8 ఆనవాలు కనబడగానే దొంగది అనేయకూడదు. అక్కడ 9 పూర్తి ఎత్తులో ఉండి, దాని వెనక 8 జాడ కూడా నేల కంటే పైకి లేచే ఉంటుంది, చుట్టూ నేల చెక్కుచెదరదు. మీ దాంట్లో పైకి లేచినదేమీ లేదు, తీసేసింది మాత్రమే ఉంది.

నేను ఎక్కువగా నమ్మేది మూడో పద్ధతిని. ఆ రోజుల్లో డైలను చేత్తో చేసేవారు. 'లిబర్టీ' అనే మాటలో ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా పంచ్‌తో, సుత్తితో దింపేవారు. అందుకే ఏ రెండు డైలలోనూ అక్షరాల మధ్య ఎడం ఒకేలా ఉండదు. ఒకదాంట్లో ఆర్ అక్షరం కొంచెం ఒరిగి ఉంటుంది, ఇంకోదాంట్లో వై అక్షరం జుట్టుకు దూరంగా జరుగుతుంది. విలియం షెల్డన్ అనే ఆయన 1793 నుంచి 1814 దాకా వచ్చిన సెంట్లను డైల జతల వారీగా లెక్కపెట్టి 1949లో నంబర్లిచ్చారు. ఇప్పటికీ అందరం ఆ నంబర్లే వాడతాం. 1798కి 144 నుంచి 187 దాకా 44 నంబర్లు. 1799కి రెండే, 188, 189. అంటే 1799 అని చెప్పుకునే ఏ సెంటైనా బొమ్మ వైపు ఆ రెండు డైలలో ఒకదానికి అతికి తీరాలి. దొంగవాడు 8ని మార్చగలడు గానీ, 'లిబర్టీ' అక్షరాలన్నిటినీ జరపలేడు కదా. మీ ఫోటోని పారదర్శకంగా చేసి వేలం సంస్థల పాత ఫోటోల మీద పెట్టి చూశాను. 1799 డైలు రెండింటికీ అతకలేదు. 1798 డై ఒకదానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా అతికింది. ఫోన్‌లో ఏ ఫోటో ఎడిటింగ్ యాప్‌తోనైనా ఈ పని మీరూ చేయొచ్చు, పావుగంట పడుతుంది.

షెల్డన్ పేరెత్తాను కాబట్టి ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. నాణేల స్థితికి ఈ రోజు ప్రపంచమంతా వాడే 70 పాయింట్ల కొలత ఆయన సెంట్ల కోసం తయారు చేసిందే. అంతటి మనిషి న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలో మంచి సెంట్లు తీసుకుని వాటి చోట నాసిరకం పెట్టాడని ఆయన పోయాక తేలింది. పాత ఫోటోలతో పోల్చడం వల్లే దొరికిపోయాడు. ఒక్కో నాణెం మీది గీతలూ గంట్లూ దాని వేలిముద్రల్లాంటివి.

నా చేదు అనుభవం కూడా ఈ వేలిముద్రల దగ్గరే జరిగింది. కొన్నేళ్ళ కిందట ఆన్‌లైన్‌లో ఒక 1798 సెంటు కొన్నాను. బరువు 10.8, డై జత సరిగ్గా అతికింది, రంగు చక్కటి చాక్లెట్ గోధుమ. బొమ్మ చెంప మీద ఒక చిన్న గంటు, బొరుసు వైపు ఆకు పక్కన ఒక వంకర గీత. పాత నాణెం కదా, దెబ్బలు తగిలి ఉంటాయి అనుకున్నాను. రెండేళ్ళ తర్వాత ఇంకొక అమ్మకందారు పెట్టిన ఫోటోలో అదే గంటు, అదే వంకర గీత. నాణెం మాత్రం వేరు! నాది డబ్బాలోనే ఉంది. గుండె జారిపోయింది. మా ఆయన ఇప్పటికీ "కవల పిల్లలెలా ఉన్నారు?" అని దెప్పుతుంటారు.

ఇది కొత్త రకం మోసం. ఇవి పోత పోసినవి కావు. ఒక అసలు నాణెం తీసుకుని దాని మీది రూపాన్ని డైలకు ఎక్కించి, ప్రెస్ మీద కొట్టినవి. అసలు నాణెం నుంచే వచ్చిన డై కాబట్టి అక్షరాల ఎడం పరీక్షలో ఇవి పాసైపోతాయి. కానీ తల్లి నాణెం మీద ఉన్న దెబ్బలు కూడా పిల్లలన్నిటికీ వచ్చేస్తాయి. రెండు వందల ఏళ్ళు వేర్వేరు జేబుల్లో తిరిగిన రెండు నాణేలకు ఒకే చోట ఒకే ఆకారంలో గంటు పడదు. పడిందంటే కనీసం ఒకటి దొంగది, మామూలుగా రెండూ. గంటుని భూతద్దంలో చూసినా తెలుస్తుంది. నిజంగా తగిలిన దెబ్బకు అంచులు పదునుగా లేచి ఉంటాయి, అడుగున రాగి నలిగి ఉంటుంది. డై నుంచి వచ్చిన దెబ్బ సబ్బు మీద గీత తడిసినట్టు మెత్తగా ఉంటుంది. ఈ రకం దొంగ నాణేలకు తుప్పు పట్టించి, గరుకు చేసి అమ్ముతారు, ఆ మెత్తదనం కనబడకుండా. అందుకే చుట్టూ ఒకే మందాన గరుకుగా ఉన్న నాణెం చూస్తే నాకు ఇప్పుడు భయం. భూమిలో నానిన అసలు నాణేన్ని తుప్పు ఒకచోట బాగా తినేస్తుంది, ఇంకోచోట నాణెం బాగానే ఉంటుంది.

ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి ఉంటే నమ్మొచ్చా అని కింద ఎవరో అడిగారు. నాణేలను పరీక్షించి సీలు వేసి ఇచ్చే పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థల డబ్బాలకు కూడా నకిలీలు వస్తున్నాయి. డబ్బా మీది నంబరుని ఆ సంస్థ సైట్‌లో కొట్టి చూడండి. నంబరు ఉందా లేదా అన్నది చాలదు, అక్కడి ఫోటోలోని గీతలు మీ చేతిలో ఉన్నదాని మీద ఉన్నాయా అన్నది చూడాలి. పైన చెప్పిన కొత్త రకాలు అప్పుడప్పుడు నిపుణుల చేతుల్లోంచి కూడా జారిపోయి అసలు డబ్బాల్లోకి వెళ్ళాయి.

మిగతా పాత రకాల గురించి నాలుగు మాటలు. పోత నాణేల మీద తలం సబ్బులా మెత్తగా ఉంటుంది, గాలి బుడగల వల్ల చిన్న చిన్న గుంటలో బుడిపెలో వస్తాయి. అంచు చుట్టూ అతుకు గీత ఉంటుంది, దాన్ని ఆకురాయితో పోగొట్టిన జాడ అయినా ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో విద్యుత్తుతో బొమ్మకీ బొరుసుకీ వేర్వేరుగా రాగి పెంకులు చేసి, మధ్యలో సీసం నింపి అతికించేవారు. అక్షరాలు అద్భుతంగా వస్తాయి, బరువు మాత్రం తేడా కొడుతుంది, అంచున అతుకు ఉంటుంది. వేలి మీద పెట్టి మోగించి చూడమని కొందరు చెబుతారు. నేను చెప్పను. లోపల పగులున్న అసలు నాణెం కూడా చప్పగానే మోగుతుంది.

1815 సెంటు ఎవరైనా చూపిస్తే చేతిలోకి కూడా తీసుకోకండి. ఆ తేదీతో సెంట్లు లేనే లేవు. అప్పటికి టంకశాలకు ఖాళీ రాగి బిళ్ళలు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి, బౌల్టన్ కంపెనీ నుంచి వచ్చేవి. ఇంగ్లండ్‌తో 1812లో మొదలైన యుద్ధంతో అవి ఆగిపోయాయి. మన వైపు వాళ్ళకి ఇక్కడొక ముచ్చట: అదే బౌల్టన్ టంకశాలలో 1794లో ఉత్తర సర్కారుల కోసం, అంటే మన కోస్తా జిల్లాల కోసం, 'రూపాయికి 48' అని రాసిన రాగి నాణేలు కొట్టి పంపారు. అవి తూర్పు తీరంలో ఇంకా దొరుకుతుంటాయి. రాముడి పట్టాభిషేకం బొమ్మతో, 'ఈస్ట్ ఇండియా కంపెనీ 1818' అని ఉన్నవి వేరే బాపతు. కంపెనీ అలాంటి నాణేలు ఎప్పుడూ చేయలేదు. వాటిని, బియ్యపు గింజల్ని తమ వైపు లాక్కుంటాయని చెప్పే రాగి చెంబుల్ని నమ్మి ఇళ్ళు అమ్ముకున్నవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు.

1804 సెంటుకి మాత్రం ఒక తేలిక పరీక్ష ఉంది. అసలు 1804 సెంట్లన్నీ ఒకే డై జతతో వచ్చాయి. తేదీలోని సున్నాకి సరిగ్గా వెనక, బొరుసు వైపు 'ఆఫ్' (OF) అనే మాటలోని O అక్షరం వస్తుంది. అలా రాకపోతే వేరే సంవత్సరం అంకె మార్చింది. లేదా సుమారు 1860లో, టంకశాల తుక్కు కింద అమ్మేసిన డైలతో బయటివాళ్ళు కొట్టింది. వీళ్ళు 1803 డైని దిద్ది 1804 చేసి, వెనక వైపుకి 1820 నాటి డై వాడారు! బొరుసు చూస్తేనే కాలం కలవదని తెలిసిపోతుంది. తమాషా ఏమిటంటే వీటికీ ఇప్పుడు వందల డాలర్లు పెట్టి కొనేవాళ్ళున్నారు.

అలాగే ఒక వైపు 13 గీతలుండే 'బార్' కాపర్ అనే పాత అమెరికన్ రాగి నాణెం. దానికి మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జాన్ ఆడమ్స్ బోలెన్ అనే చెక్కుడు పనివాడు 1860లలో నకళ్ళు చేశాడు. నకళ్ళని చెప్పే అమ్మాడు, మోసం ఆయనది కాదు, తర్వాత చేతులు మారినప్పుడు జరిగింది. పెనవేసుకున్న U, S, A అక్షరాల్లో అసలుదాంట్లో A అక్షరం S మీదుగా పోతుంది. బోలెన్ దాంట్లో S కిందుగా పోతుంది.

ఇప్పుడు మీ హాఫ్‌పెన్నీ. మూడో జార్జి బొమ్మతో ఇంగ్లండ్ టంకశాల హాఫ్‌పెన్నీలు కొట్టింది 1770 నుంచి 1775 దాకా. మళ్ళీ అసలు హాఫ్‌పెన్నీలు వచ్చింది 1799లో, అవి బౌల్టన్ టంకశాలలో కొట్టినవి. 1787లో కొట్టనే లేదు. కాబట్టి మీది తేదీతోనే దొంగ నాణెం అని ఒప్పేసుకుంటోంది. బరువూ అదే చెబుతోంది. పౌను రాగికి 46 చొప్పున కొట్టేవారు, అంటే ఒక్కోటి 9.86 గ్రాములు. మీది 7.4. రాగి మిగుల్చుకోవడమే దొంగ నాణేలవాళ్ళ లాభం.

అయితే ఎవరు కొట్టారన్నది చూడాలి. ఇలాంటివి ఇంగ్లండ్‌లోనూ కుప్పలుగా తయారయ్యాయి, కానీ 1787 తేదీ చూడగానే నాకు న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూబర్గ్ గుర్తొస్తుంది. థామస్ మాచిన్ అనే సైనిక ఇంజినీరు, విప్లవ యుద్ధంలో బ్రిటిష్ ఓడలు రాకుండా 1778లో హడ్సన్ నదికి అడ్డంగా ఇనుప గొలుసు కట్టించినవాడు, 1787లో అక్కడ భాగస్వాములతో కలిసి నాణేల మిల్లు పెట్టాడు. నిన్నటి దాకా రాజుతో యుద్ధం చేసి, ఆ రాజు బొమ్మతోనే దొంగ నాణేలు! చిల్లర కరువు అంతగా ఉండేది మరి. ఇవి జనం చేతుల్లో తిరిగాయి, అమెరికా చరిత్రలో భాగమయ్యాయి, అందుకే సేకరించేవాళ్ళు మామూలు అరిగిన హాఫ్‌పెన్నీ కంటే వీటికి చాలా ఎక్కువ ఇస్తారు.

గుర్తు పట్టడానికి బొరుసు వైపు కూర్చున్న బ్రిటానియా (బ్రిటన్‌కు గుర్తుగా వేసే స్త్రీ బొమ్మ) పక్కనున్న డాలుని చూడండి. ఇంగ్లండ్ టంకశాల నాణెంలో డాలు మీది శిలువ గీతలకు రెండు వైపులా సన్నటి ఉబ్బెత్తు గీత ఉంటుంది. మాచిన్ మిల్లు వాటిలో మామూలుగా ఆ గీత ఉండదు, శిలువ మొద్దుగా ఉంటుంది. అంచు చుట్టూ ఉండే పళ్ళు త్రికోణాల్లా ఉంటాయి. మీ ఫోటోలో డాలు మీద పచ్చటి చిలుము ఉంది, కనబడట్లేదు.

ఆ చిలుము చూసి చింతపండు తీయకండి, దణ్ణం పెడతాను. పీతాంబరి, నిమ్మచెక్క, వెనిగర్, ఏదీ వద్దు. బిందె తోమినట్టు తోమితే రెండు వందల ఏళ్ళ రంగు ఒక్క నిమిషంలో పోతుంది, విలువలో సగానికి పైగా దాంతో పాటే పోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు రోజులు నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు.

1799ని మాత్రం ఈ వారంలోనే వెనక్కి తీసుకెళ్ళండి. "మీరు మోసం చేశారు" అనకండి, ఆవిడకు తెలిసి ఉండకపోవచ్చు. రెండు 9ల ఫోటో, పక్కన అసలు 1799 ఫోటో చూపించండి, రసీదు దగ్గర పెట్టుకోండి. ఎస్టేట్ సేల్‌లో వెనక్కి తీసుకోం అన్న షరతు ఉంటే కూడా అడగడంలో తప్పు లేదు. డబ్బు రాకపోతే దాన్ని మార్చిన 1798 అని రాసి పెట్టుకోండి, ఎవరికైనా ఇచ్చినా అదే మాట చెప్పి ఇవ్వండి. తెలిసీ 1799 అని అమ్మితే అప్పుడు మోసం మీదవుతుంది.

హాఫ్‌పెన్నీ నానాక డాలు దగ్గర ఒక ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. వెలుతురు ఎడమ పక్క నుంచి, కిందికి దించి. బ్రిటానియా కింద తేదీ కూడా కనబడాలి.